భుజం కట్టని రోజు

చిలకవాగు పక్కన పల్లపు మేతబీడులో మేకలూ గొర్రెలూ పశువులూ ఒక సంఘంగా బతుకుతుండేవారు. సంఘమంటే మాటవరసకి కాదండోయ్, నిజంగా సంఘమే. ప్రతి ఆదివారం పొద్దున్నే పెద్ద బండచరియ కింద చేరి ఆరాధన చేసుకునేవారు. ఆ సంఘానికి కాపరి, వాక్యం చెప్పేది సీలయ్యగారనే ముసలి దున్నపోతు. మనిషి, అదే, దున్న, నల్లగా నిదానంగా ఉండేవాడు. ప్రసంగం మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా దిగేవాడు కాడు. మధ్యలో చెప్పింది మర్చిపోయి మళ్లీ చెప్పేవాడు. అయినా అందరూ ఆయన్ని అయ్యగారూ అనే పిలిచేవారు. పాట ఎత్తేది తబితమ్మ అనే మేక. ఆవిడ గొంతెత్తితే అవతలి కొండ బదులు పలికేది. ఆ సంగతి ఆవిడకి కూడా బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

ఆ పల్లానికి ఒక పీడ ఉంది. వానలు ముదిరాయంటే చిలకవాగు పొంగి బీడంతా ముంచేస్తుంది. అందుకని ఏటా ముందుగానే సంఘమంతా వాగు దాటి అవతలున్న ఎర్రగట్టుకి చేరుకోవాలి. దాటడానికి వాళ్లకో పద్ధతుంది. దాన్ని భుజం కట్టడం అంటారు. వాగు నడిమి లోతులో అయ్యగారు నీళ్లకి ఎదురు తిరిగి నిలబడతారు. ఆయనకి కుడిపక్క బర్నబా ఎద్దు, ఎడమపక్క జక్కయ్య గాడిద, భుజానికి భుజం ఆనించి నిలుస్తారు. వాగు వడి ఆ ముగ్గురి రొమ్ములకి తగిలి విరిగిపోతుంది. వాళ్ల వెనకాల నీళ్లు మెత్తబడతాయి. ఆ మెత్తటి నీళ్లలోంచి గొర్రెలూ మేకలూ పిల్లలూ దాటిపోతారు. ఏ ఒక్క భుజం తప్పుకున్నా మిగతా రెండూ ఆగవు.

ఈ ఏడు తబితమ్మకి లేక లేక ఒక పిల్ల పుట్టింది. పేరు చిట్టి. పుట్టుకతోనే ముందుకాలు కాస్త వంకర. నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేది. దాన్ని వాగు ఎలా దాటించాలా అని తబితమ్మకి తిండి సయించడం లేదు.

వాగు కింది వంపులో ఒక ఇసుకతిన్నె ఉంది. పైనుంచి కొట్టుకొచ్చింది ఏదైనా చివరికి అక్కడికే చేరుతుంది. ఆ తిన్నె మీద మహా మక్కువ ఉన్నవాడు ఒకడున్నాడు, గుంటనక్క. ముగ్గురూ భుజం కట్టినన్నాళ్లూ వాడికి అక్కడ చచ్చిన చేప తప్ప ఏమీ దొరకలేదు. అందుకని ఈమధ్య భక్తి ముదిరి ఆరాధనకి రావడం మొదలుపెట్టాడు. వెనక వరసలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు, కానుకల వేళకి మాత్రం దగ్గొచ్చి బయటికి పోయేవాడు.

ఆ ఆదివారం తబితమ్మ మంచి ఊపులో పాట ఎత్తింది. రెండో చరణానికే గొర్రెలు శ్రుతి అందుకోలేక మూలిగాయి. సీలయ్యగారు తల వంచి, "తబితమ్మా, కాస్త తగ్గి పాడమ్మా. పాపం, వీళ్లు అందుకోలేకపోతున్నారు" అన్నారు.

అంతే. నలుగురిలో అన్నారు! తబితమ్మ మొహం మాడిపోయింది. ఆరాధన అయిందో లేదో పిల్లని తోసుకుంటూ బయటికొచ్చేసింది. తుప్ప చాటున నక్క కాచుకునే ఉన్నాడు.

"వందనాలు సహోదరీ!"

"వందనాలు" అంది తబితమ్మ ముక్తసరిగా.

"నీ పాట వింటుంటే నా కళ్ల వెంబడి నీళ్లు కారిపోయాయనుకో. ఆయనేమిటి, అలా అనేశారు?"

"ఏమో అన్నయ్యా! నేనడిగానా పాడతానని? ఆయనే పాడమన్నారు."

"పోనీలే, పెద్దవారు. ఆయన్ని మనం అనకూడదు. నేనసలు అనను కూడా." నక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కానీ సహోదరీ, ఒక్కమాట. వానలు పట్టి ఇన్నాళ్లయింది. ఏటా ఈపాటికి గట్టెక్కేసేవాళ్లు కాదూ? ఈ ఏడు ఆయన కదలరేం?"

తబితమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నిజమే సుమీ."

"ముసలాయన. నీళ్లంటే బెరుకు పుట్టినట్టుంది. ఆ మాట చెప్పుకోలేక రేపూ మాపూ అంటున్నారు. నాకెందుకులే, నీ పసిదాన్ని చూసి మనసు ఆగక అన్నాను. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకు."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మేక అంతకన్నా తెలివైందని నేనైతే పందెం కాయను. తబితమ్మకి అయ్యగారి మీద కోపమూ పిల్ల గురించి భయమూ కలిసి ఒకటైపోయాయి. చక్కా పోయి సీలయ్యగారినే అడిగితే సరిపోయేది. అడిగిందా? లేదు. సరాసరి బర్నబా ఎద్దు దగ్గరికి పోయింది.

"అన్నయ్యా, విన్నావా? అయ్యగారికి నీళ్లంటే భయం పట్టుకుందట."

బర్నబా నెమరు ఆపాడు. "ఎవరన్నారు?"

"ఎవరో ఒకరు. నిప్పు లేందే పొగ వస్తుందా? అయినా నిరుడు వాగులో నువ్వు ఎంత కష్టపడ్డావు! గట్టెక్కాక అందరూ ఎవరి పేరు చెప్పి సాక్ష్యమిచ్చారు? అయ్యగారు దాటించారు, అయ్యగారు దాటించారు. నీ పేరెత్తినవాడున్నాడా?"

ఆ మాట బర్నబాకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బలమున్నవాడికి పొగడ్త అంటే ఎద్దుకి గానుగపిండి పెట్టినట్టే. "ఉన్నమాటే అన్నావు చెల్లెమ్మా" అన్నాడు.

అక్కణ్ణించి జక్కయ్య గాడిద దగ్గరికి. జక్కయ్యది మెత్తటి మనసు, ఊరికే నొచ్చుకునే రకం.

"జక్కయ్యా, మొన్న ప్రసంగంలో సోమరితనం గురించి అంతసేపు చెప్పారు చూడు, అది ఎవర్ని ఉద్దేశించో తెలుసా?"

"ఎవర్ని?" అన్నాడు జక్కయ్య. అప్పుడే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను చెప్పడమెందుకు? నీకు తెలీదూ?"

సీలయ్యగారు చెప్పింది చీమల గురించి. గాడిద ఊసే ఎత్తలేదాయన. అయినా జక్కయ్య ఆ రోజు గడ్డి ముట్టలేదు. సాయంత్రానికి బీడంతా ఒకటే గుసగుస. అయ్యగారు నడిస్తే, అదుగో కాళ్లు వణుకుతున్నాయన్నారు. నడవకుండా పడుకుంటే, చూశావా లేవలేకపోతున్నారన్నారు. ఆయన చెవిన పడనే పడింది. ఆయన మళ్లీ మేతలో పడ్డారు.

"చూశారా! దున్నపోతు మీద వాన కురిసినట్టు!" అంది తబితమ్మ అందరూ వినేలా. గొర్రెలు కిసుక్కున నవ్వాయి.

నవ్వనిది ఎస్తేరమ్మ ఒక్కర్తే. ఆవిడ మందలోకల్లా ముసలి గొర్రె. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది తల్లీ" అంది మెల్లిగా.

"ఉన్నమాటంటే ఉలుకెక్కువ పెద్దమ్మా!" అని తబితమ్మ తోక విదిలించుకుని పోయింది.

మర్నాడు సీలయ్యగారు బర్నబానీ జక్కయ్యనీ పిలిచారు. "నాయనా, ఇక దాటాలి. రేపు తెల్లారగానే భుజం కడదామా?"

బర్నబా ఆకాశంకేసి చూశాడు. "నా భుజం పట్టేసిందండి."

"నా కాలిగిట్ట చిట్లిందండి" అన్నాడు జక్కయ్య నేలకేసి చూస్తూ.

సీలయ్యగారికి అర్థమైంది. "సరే నాయనా, పొద్దుటికి తగ్గుతుందేమో చూడండి" అన్నారు. తుప్పల్లో నక్క మాత్రం మూతి నాక్కున్నాడు.

తెల్లారేసరికి వాగు ఒడ్డు కనబడలేదు. ఎగువ కొండల్లో కుండపోతగా కురిసినట్టుంది, ఎర్రటి నీళ్లు బీడు అంచులు కొరుక్కుంటూ వచ్చేస్తున్నాయి. గొర్రెలన్నీ ఒక్కచోట ముద్దగా చేరి గోల పెట్టాయి. తబితమ్మ చిట్టిని తన కాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడింది.

నక్క పరుగున వచ్చాడు. "అయ్యో సహోదరీ, నేను చెప్పానా! చూశావా ఎంత ఆలస్యం చేశారో! సరే, నేను కింద వంపులో ఈది దాటేసి, అవతలి గట్టున మీ అందరి కోసం ప్రార్థన చేస్తుంటాను." అని తుర్రుమన్నాడు.

సీలయ్యగారు ఎవరి కోసమూ చూడలేదు. నేరుగా వాగులోకి దిగారు. పొట్ట మునిగింది, డొక్కలు మునిగాయి. నడిమి లోతుకి పోయి ఎదురు తిరిగి నిలబడ్డారు. తల, కొమ్ములు, వీపు పైభాగం, అంతే పైకి కనబడుతున్నాయి. "రండి! ముందు గొర్రెలు! నా వెనకనుంచి, తోకని ఆనుకుని రండి!"

"ఒక్కడూ ఎంతసేపు ఆగుతాడో చూద్దాం" అన్నాడు బర్నబా ఒడ్డున నిలబడి.

గొర్రెలు బెదురుతూనే దిగాయి. గోడ ఉండాల్సిన చోట ఒక్క స్తంభం ఉంది. నీళ్లు ఆయనకి ఇటూ అటూ తిరిగి సుళ్లు పడుతున్నాయి. ఒక గొర్రె సుడిలో చిక్కి గిరగిరా తిరిగింది. సీలయ్యగారు మూతితో దాన్ని పట్టి అవతలికి నెట్టారు. నెట్టినప్పుడల్లా ఆయన కాళ్లు ఒక అడుగు వెనక్కి జారుతున్నాయి. తబితమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. 'భయపడే దున్న ఇదా?' అని లోపల ఎవరో అడిగినట్టయింది. ఆ మాట మింగేసింది.

పక్కన ఎస్తేరమ్మ దిగబోతూ ఆగింది. "తబితా, నీ పిల్ల నడవగలుగుతోందా ఇప్పుడు?"

"మొన్నటికంటే నయమే పెద్దమ్మా. గట్టెక్కేదాకా నడుస్తుందేమో."

"దాని కోసమే ఆగాడే ఆయన! మొన్న నేనడిగితే చెప్పాడు. చిట్టి కాలు ఇంకాస్త గట్టిపడనీ పెద్దమ్మా, ఆ పిల్ల ఇప్పుడు నీళ్లలో దిగితే నిలవదు, అన్నాడు. మరి ఆ మాట అందరికీ చెప్పవయ్యా అంటే, పిల్ల తల్లి తన వల్లే అందరికీ ఆలస్యమని కుమిలిపోతుంది, వద్దన్నాడు."

తబితమ్మ ఎస్తేరమ్మకి అడ్డం వచ్చింది. "నాతో ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నువ్వెప్పుడైనా అడిగితే కదా! నువ్వు చెప్పడమేగాని అడగడం ఎప్పుడు?" అని ఎస్తేరమ్మ నీళ్లలోకి దిగిపోయింది.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. వెనకాల బీడు మునిగిపోతోంది. తబితమ్మ పిల్లని ముందు పెట్టుకుని దిగింది. సగం దూరం బాగానే పోయారు. సీలయ్యగారి తోక దగ్గరికి వచ్చేసరికి ఎగువనుంచి ఒక మాను దొర్లుకుంటూ వచ్చి ఆయన రొమ్ముకి ధనామని తగిలింది. ఆయన మోకాళ్ల మీద కూలిపోయారు. తల మునిగింది. ఆయన కూలగానే అణిగి ఉన్న నీళ్లన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. చిట్టి "అమ్మా!" అని అరిచి పక్కకి కొట్టుకుపోయింది.

తబితమ్మ దాని మెడ పట్టు పళ్లతో అందుకుంది. అందుకున్నదేగాని నిలవలేకపోతోంది. తల తిప్పి కిందికి చూసింది. కింది వంపులో, ఇసుకతిన్నె మీద, నక్క కూర్చుని ఉన్నాడు. అవతలి గట్టున కాదు. ప్రార్థన చేయడం లేదు. నోరు తెరుచుకుని, సరిగ్గా చిట్టి కొట్టుకొచ్చే దారికేసి చూస్తున్నాడు.

ఓరి నీ దుంప తెగ! అప్పటికిగాని ఆవిడకి వెలగలేదు, తాను మోసుకు తిరిగిన మాటలు ఎవరి కడుపు నింపడానికో.

సీలయ్యగారు తల పైకెత్తారు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది. ఆయన లేవలేదు. మోకాళ్ల మీదే పాకి, తల్లీపిల్లలకి ఎగువన ఒళ్లు అడ్డం పెట్టారు. "పట్టు వదలకమ్మా. నేనున్నాను" అన్నారు.

తబితమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. పిల్లని ఆయన డొక్కకి అదిమిపెట్టి, ఒడ్డుకి తిరిగి, కొండలు అదిరిపోయేలా అరిచింది.

"బర్నబా అన్నయ్యా! నేనన్నదంతా నా సొంతం కాదు, నక్క పెట్టిన మంట! అదుగో చూడు, తిన్నె మీద కూర్చున్నాడు మన పిల్లల కోసం! జక్కయ్యా! నీ గురించి ఆయన ఒక్కమాటా అనలేదు, నేను కల్పించాను! నన్ను తర్వాత పొడుద్దురుగాని, ముందు ఆయనకి భుజమియ్యండి!"

జక్కయ్య ముందు దూకాడు. బర్నబా తిన్నెకేసి ఒక్కసారి చూశాడు. మెడ బిగిసింది. ఒక్క ఉరుకున నడిమి లోతుకి వచ్చి సీలయ్యగారి కుడిపక్క తన మూపు ఆనించి పైకెత్తాడు. ఎడమపక్క జక్కయ్య ఆనుకున్నాడు. ఆయన వణుకుతూ లేచి నిలబడ్డారు. ముగ్గురి రొమ్ముల మీదా వాగు విరిగింది. వెనకాల నీళ్లు మెత్తబడ్డాయి. చిట్టి తల నీళ్లపైన నిలిచింది.

"భుజం పట్టేసిందన్నావు కదా నాయనా" అన్నారు సీలయ్యగారు రొప్పుతూ.

"వదిలింది అయ్యగారూ" అన్నాడు బర్నబా. తల ఎత్తలేకపోయాడు.

చివరి గొర్రె కూడా గట్టెక్కింది. తబితమ్మ చిట్టిని ఎస్తేరమ్మకి అప్పగించి వెనక్కి చూస్తే, కింద ఇంకో గోల. నక్క ఆశ కొద్దీ తిన్నె మీదే కూర్చుండిపోయాడు. ఈలోగా వాగు తిన్నెకి నాలుగు వైపులా చుట్టేసింది. అరచేయంత ఇసుక మిగిలింది. దాని మీద వాడు నాలుగు కాళ్లూ దగ్గరికి చేర్చి గెంతుతున్నాడు.

"అయ్యగారూ! మీ సంఘస్థుణ్ణే కదండీ! ప్రతి ఆదివారం వస్తున్నానండీ!"

"చావనీ" అన్నాడు బర్నబా.

సీలయ్యగారు అప్పటికే తిరిగి నీళ్లలోకి అడుగేస్తున్నారు. కాళ్లు తడబడుతున్నాయి.

"అయ్యగారూ, వాడు నక్కండీ!" అంది తబితమ్మ.

"తెలుసమ్మా. వాడు వచ్చిన రోజే తెలుసు." ఆయన ఆగలేదు.

తబితమ్మకి నోటిదాకా మాట వచ్చింది. ఇంతా జరిగాక కూడా వీడి కోసం దిగుతారా, ఇంత అమాయకత్వమేమిటి అనాలనిపించింది. అనలేదు. బర్నబాకేసి చూసింది. "అన్నయ్యా, ఆయన ఒంటరిగా పోతున్నారు" అంది. బర్నబా గొణుక్కుంటూనే దిగాడు. జక్కయ్య దిగాడు. ముగ్గురూ మళ్లీ భుజం కట్టి తిన్నెకి ఎగువన నిలబడ్డారు. వాళ్ల వెనక మెత్తబడిన నీళ్లలో నక్క, తాను విడగొట్టాలనుకున్న ఆ మూడు భుజాల చాటునే, తోక ముడుచుకుని ఈదుకొచ్చాడు.

గట్టెక్కి ఒళ్లు దులుపుకున్నాడు. ఊపిరి కుదురుకుంది. కుదురుకోగానే చింత చచ్చినా పులుపు చావని ఆ నోరు మళ్లీ లేచింది. తబితమ్మ పక్కకి జరిగి, చెవిలో అన్నాడు.

"వందనాలు సహోదరీ. గండం గడిచిందిలే. అయినా చెప్పకూడదుగాని, ఆయన నాకోసం ఇంకాస్త ముందే రావాల్సింది కాదూ? అంత నిదానమైతే సంఘం ఎలా నడుస్తుంది?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

తబితమ్మ గొంతు తగ్గించలేదు. గట్టు మీద ప్రతి గొర్రెకీ వినబడేలా అడిగింది. "ఏం అన్నయ్యా, మా అయ్యగారి తప్పులు నీకు ఆకలేసినప్పుడే కనబడతాయేం?"

గొర్రెలన్నీ తలలు తిప్పాయి. బర్నబా కొమ్ములు వంచి ఒక్క అడుగు ముందుకేశాడు. నక్క ఒక్కొక్కరి మొహమూ చూశాడు. వాడి మాట అందుకునే చెవి ఒక్కటీ దొరకలేదు. ఎర్రగట్టు వెనక తుప్పల్లోకి పరుగో పరుగు. ఆ ఏడు వాడికి దొరికింది తడిసిన తోకా, మాడిన పొట్టా.

తబితమ్మ మాత్రం సీలయ్యగారి దగ్గరికి పోయి, ఆయన ముక్కు మీది నెత్తురు తుడుస్తూ, "అయ్యగారూ, మీ మీద నాకొక ఫిర్యాదుంది" అంది.

"చెప్పమ్మా."

"మీరు నా పాట నలుగురిలో తగ్గించమన్నారు. నాకు చాలా నొచ్చింది."

"అవునమ్మా, తప్పే. విడిగా చెప్పాల్సింది. క్షమించు."

ఎంతసేపు పట్టింది ఆ మాటకి? ఆదివారమే ఇలా వచ్చి అడిగి ఉంటే పిల్లా తల్లీ వాగు పాలవబోయేవారు కాదని తబితమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

నీతి: కాపరి తప్పు కాపరికే చెప్పు, వెనకాల చెప్పావా, అది నక్కకి విందు.